ఆలస్యానికి కారణం

మార్చి 9, ఆదివారం

ఇంటి నుంచి బయలుదేరింది 4.10. ఆంధ్ర సంఘం హాలు చేరింది 4.55. ఆలస్యం పావుగంట. కారణం: శారద రెండుసార్లు చీర మార్చుకుంది.

రైలు గార్డు ఉద్యోగం వదిలి ఎనిమిదేళ్ళయినా ఈ చేతికి వేరే రాత రాదు. బయలుదేరిన టైము, చేరిన టైము, ఆలస్యం, దానికి కారణం. ముప్పై ఏడేళ్ళు ప్రతి డ్యూటీలోనూ జర్నల్లో ఈ గళ్ళే నింపాను. ఇప్పుడు అడిగేవాడు లేకపోయినా డైరీలో నింపుతున్నాను.

హాల్లో మీటింగు పెట్టింది ఓంకార్ అనే అతను. ఈ హిందీ ఊళ్ళోనే మంగ్లా పేటలో ఉంటాడట. బొగ్గు కంపెనీలో అకౌంట్స్. మనిషికి నలభై రెండు ఉంటాయి. చిన్నప్పటి నుంచి పోలియో, వీల్‌చైర్‌లోనే తిరుగుతాడు. నడవలేనివాళ్ళకీ, పెద్దవాళ్ళకీ ప్రయాణాలు ఏర్పాటు చెయ్యడం అతనికి సరదా. కిందటేడు ఆరుగురిని పూరీ తీసుకెళ్ళి తెచ్చాడట. వరంగల్ వైపు మాట, మధ్యలో హిందీ. కొత్త చొక్కా.

ఒక్కొక్కరినీ ఎక్కడికి వెళ్ళాలనుందని అడుగుతూ వచ్చాడు. శారద దగ్గర ఆగాడు. ఆవిడ ఎక్కడికీ వెళ్ళదండీ, వెన్నులో గడ్డకి ఆపరేషన్ అయి తొమ్మిదేళ్ళయింది, కాళ్ళు రావు అని నేను చెప్పాను. అతను నా వైపు చూసి తలూపి, మళ్ళీ శారద వైపే చూస్తూ కూర్చున్నాడు. జవాబు ఇంకా రానట్టు. మర్యాద తెలియని మనిషి.

తర్వాత ఏదో కథ చెప్పాడు. పెళ్ళి భోజనాల్లో ఎవరో అతని కుర్చీ తోసే మనిషిని ‘ఈయనకి కాఫీ ఇవ్వొచ్చా’ అని అడిగారట. అప్పుడు ఇతను పైకి చూసి ‘ఈయన్ని నేనడిగి చెప్త’ అన్నాడట. హాలంతా నవ్వింది. శారద కళ్ళు తుడుచుకుంది నవ్వి నవ్వి. అందులో అంత నవ్వాల్సిందేముందో నాకు తెలియలేదు. ఇంటికొచ్చాక కూడా వంటింటి గుమ్మం దగ్గర ఒకసారి తనలో తనే నవ్వుకుంది.

మార్చి 11, మంగళవారం

పొద్దున్న 6.00. మంచం నుంచి కుర్చీ, అర నిమిషం. ఆలస్యం లేదు.

ఎడమ చెయ్యి మోకాళ్ళ కింద, కుడి చెయ్యి వీపు కింద. తొమ్మిదేళ్ళుగా మోప్కా పేటలో మా ఇంటి మూడు మెట్లూ దిగడం, ఆటో ఎక్కడం, ఆస్పత్రి బల్ల, అన్నీ ఈ రెండు చేతులే. ఎత్తగానే శారద కళ్ళు మూసుకుంటుంది. చిన్నపిల్లలా. నా మీద అంత నమ్మకం. ఈ సంగతి ఆ ఓంకార్‌కేం తెలుసు.

మార్చి 16, ఆదివారం

ఇవాళ ఒక్కొక్కరికీ రెండు పేజీల కాయితం ఇచ్చాడు. ఎంతసేపు కూర్చోగలరు, ఎన్ని గంటలకోసారి బాత్రూం, ఏం చూడాలనుంది, ఏం తినాలనుంది. చివరి ప్రశ్న: ప్రయాణంలో ఏది జరిగితే మీకు సిగ్గుగా ఉంటుంది? అవన్నీ పరాయివాడికి ఎందుకో. శారద కాయితం నేను నింపుతానన్నాను. ఆవిడకి రాయడం వచ్చు కదా అంకుల్ అన్నాడు.

శారద నింపింది. చివరి ప్రశ్న దగ్గర ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకుని రాసింది, పరీక్షలో పక్కవాడికి కనబడకుండా రాసినట్టు. ఆ పక్కవాణ్ణి నేను. తర్వాత మడిచి అతనికి ఇచ్చింది. నలభై మూడేళ్ళ కాపురంలో నాకు కనబడకుండా ఆవిడ రాసిన మొదటి కాయితం అది. బాత్రూం సంగతే అయి ఉంటుంది.

ఎక్కడికి అన్న చోట మాత్రం అందరికీ వినబడేలా చెప్పింది. అనకాపల్లి. వాళ్ళ అక్క అప్పయమ్మ దగ్గరికి. ఆవిడకి ఎనభై రెండు, చూపు పోయి మూడేళ్ళయింది. తొమ్మిదేళ్ళుగా అక్కాచెల్లెళ్ళు కలుసుకోలేదు. రెండుసార్లు తీసుకెళ్దామని అంతా సిద్ధం చేసి, నేనే వద్దన్నాను. దారిలో ఏమైనా అయితే ఎవరిది పూచీ. శారద అప్పుడు సర్దిన సంచి విప్పేసింది. ఇవాళ అతనికి మాత్రం చెప్పింది.

“వీడియో కాల్ మా అక్కకి ఏటి పనికొస్తాది బాబూ. అది నన్ను ముట్టుకోవాల.”

ఈ మాట నాతో ఎప్పుడూ అనలేదు.

మార్చి 18, మంగళవారం

ఓంకార్ ఎవరిచేతో ఒక చెక్క పంపించాడు. మూరన్నర పొడవు, నున్నగా చిత్రిక పట్టి, అంచులు గుండ్రం చేసి ఉంది. మంచానికీ కుర్చీకీ మధ్య వంతెనలా వేస్తే, దాని మీంచి శారద తనంతట తను జరగొచ్చట. ఎవరూ ఎత్తక్కర్లేదట.

సాయంత్రం ఒకసారి వేసి చూద్దామంది. వేశాను. సగం జరిగి ఆయాసంతో ఆగింది. మళ్ళీ జరగబోయింది. అలా చూస్తూ నిలబడలేక ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాను. నేనుండగా ఈ సర్కస్ ఎందుకన్నాను. చెక్క తీసి బీరువా వెనక పెట్టాను.

మార్చి 19, బుధవారం

నాకేమీ అసూయ లేదు. అవిటివాడి మీద అసూయపడేటంత నీచుణ్ణి కాను.

మార్చి 20, గురువారం

బీరువా వెనక పెడితే చెక్క కిందికి జారి చప్పుడవుతోంది. తీసి వంటింట్లో ఊరగాయ జాడీల కింద వేశాను. జాడీలు చక్కగా నిలబడ్డాయి.

నిన్న రాసిన మాట బాగులేదు. కొట్టెయ్యను. రాసింది రాసినట్టే ఉండాలి.

మార్చి 23, ఆదివారం

ఒళ్ళు మండిపోయి రాస్తున్నాను.

ఏప్రిల్ 15 సాయంత్రం ఇక్కడ వేసవి స్పెషల్ ఎక్కితే మర్నాడు పొద్దున్న విశాఖ, గంటలోపు అనకాపల్లి. కొత్త దారి కాబట్టి ఓంకార్ కూడా వస్తాడు. ఇంజన్ల షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన సింహాచలం కూడా. అతనికి డెబ్భై నాలుగు, మోకాళ్ళు పోయాయి, చేతికర్ర. భీమిలి సముద్రం చూడాలట, విశాఖలో దిగిపోతాడు. ఇంతవరకు బాగానే ఉంది. ఎక్కేది ఎందులోనంటే వికలాంగుల పెట్టెలో.

నా రిటైర్మెంట్ పాసు మీద ఏసీలో వెళ్ళొచ్చని చెప్పాను. ఏసీ బోగీ తలుపులో వీల్‌చైర్ పట్టదు, బాత్రూంలో అసలే పట్టదు, శారదమ్మకి ఇదే సుఖం అన్నాడు. తలుపు కథ నాకు చెప్తున్నాడు. ఆ బోగీలో సగం గార్డు గదే. ఆఖరి పదకొండేళ్ళూ గోడకి ఇవతల కూర్చుని జెండా ఊపింది నేనే. గోడకి అవతల గదిలో పాల క్యాన్లవాళ్ళు, టిక్కెట్టు లేనివాళ్ళు, అప్పుడప్పుడు ఒక కుంటి ముసలాడు. ఈ సూర్యం గార్డు భార్య అందులో ప్రయాణం చేస్తుందా అని అడిగాను. శారద నా వైపు చూడకుండా, చేస్తానంది.

మిగతా సంగతి ఇంటికొచ్చి ఓంకార్ ఇచ్చిన కాయితం చదివాక తెలిసింది. ప్రతి స్టేషనూ వరసగా రాశాడు. ఎన్ని గంటలకి, ఎన్ని నిమిషాలు, తలుపు ఏ పక్క, కుర్చీ దిగే ర్యాంపు ఎవరు తెస్తారు. మెచ్చుకోవాల్సిందే. చివర రెండు పంక్తులు:

విశాఖ. మన బోగీ బండికి చివర.
అనకాపల్లి. ఆగేది రెండు నిమిషాలు. మన బోగీ బండికి చివర. మాధవీలత గారు ర్యాంపుతో అక్కడ ఉంటారు.

మాధవీలత అంటే అప్పయమ్మగారి కూతురు.

రెండుసార్లు చదివాను. తర్వాత వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ చదివాను. విజయనగరం వైపు నుంచి విశాఖ స్టేషన్లోకి వచ్చిన బండి అలాగే నేరుగా అనకాపల్లి వైపు పోలేదు. ఇంజను తీసి రెండో చివర తగిలిస్తారు. వెనక ఉన్నది ముందవుతుంది. అంటే అనకాపల్లిలో మన బోగీ ఇంజను పక్కనే. మాధవీలత ర్యాంపు పట్టుకుని అటు చివర. మధ్య ఇరవై బోగీలు. రెండు నిమిషాలు.

ఏ గార్డునడిగినా నిద్రలో చెప్తాడు. అకౌంట్స్ బాబుకి తెలియలేదు.

మార్చి 24, సోమవారం

హాయిగా నిద్ర పట్టింది. పొద్దున్న 6.00. మంచం నుంచి కుర్చీ, అర నిమిషం.

కాయితం బల్ల మీద గడియారం కింద పెట్టింది శారద. టిఫిన్ దగ్గర అడిగింది.

“ఏటండీ, ఓంకార్ ఇచ్చిన కాయితం చూసేరా? అంతా సరిగ్గా ఉందా?”

ఉందన్నాను.

మార్చి 25, మంగళవారం

చెప్పకూడదని కాదు. అతను నన్ను అడగలేదు. సలహా అడగనివాడికి నేనెందుకు చెప్పాలి. ఇంకా మూడు వారాలుంది, అడిగితే అప్పుడు చెప్తాను.

మార్చి 28, శుక్రవారం

శారద ఫోన్లో ఓంకార్‌తో ఇరవై రెండు నిమిషాలు మాట్లాడింది. నేను రాగానే గొంతు తగ్గించలేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది. రైల్లో టీ తాగొచ్చా అని అడుగుతోంది. తొమ్మిదేళ్ళుగా ఆస్పత్రికి వెళ్ళే ముందురోజు సాయంత్రం నుంచీ నీళ్ళు ఆపించేవాణ్ణి. బాత్రూం ఇబ్బంది లేకుండా. అతను ఎన్ని టీలైనా తాగమన్నాడట.

ఫోను పెట్టి అడిగింది, కాయితం ఇంకోసారి చూసేరా, అంతా సరిగ్గా ఉందా అని. ఉందన్నాను.

మార్చి 31, సోమవారం

అనకాపల్లి నుంచి మాధవీలత ఫోను. ర్యాంపు తయారైందట. స్టేషన్లో కూడా చెప్పి ఉంచిందట. పక్కనే అప్పయమ్మగారు. వీడియోలో ఆవిడ ముఖం ఫోనుకి చాలా దగ్గరగా వచ్చింది. చెయ్యి చాపి ఫోను మీద తడిమింది. తెర మీద వేళ్ళు తప్ప ఏమీ కనబడలేదు మాకు. శారద తన వేలు తెర మీద ఆ వేళ్ళ దగ్గర పెట్టింది.

నేను లేచి పెరట్లోకి వెళ్ళాను. మొక్కలకి నీళ్ళు పోశాను. పొద్దున్న పోసినవాటికే మళ్ళీ.

ఏప్రిల్ 2, బుధవారం

అనకాపల్లిలో ఏం జరుగుతుందో నాకు కళ్ళకి కట్టినట్టుంది. బండి ఆగుతుంది. తలుపు తీస్తారు. ఎదురుగా ఎవరూ ఉండరు. ఓంకార్ తన కాయితం వైపు చూసుకుంటాడు. అప్పుడు నేను లేస్తాను. ఎడమ చెయ్యి మోకాళ్ళ కింద, కుడి చెయ్యి వీపు కింద. శారద కళ్ళు మూసుకుంటుంది. నేను దిగుతాను. అంతే. ఎవరినీ ఏమీ అనను. అనాల్సిన అవసరం ఉండదు.

ఓంకార్ ఎలా దిగుతాడు? అది అతను చూసుకోవాలి. పెద్ద ప్లానింగ్ చేసేవాడు కదా.

బియ్యం బస్తా ఎత్తి పెరట్లో మూడు చుట్లు తిరిగాను. కుడి భుజం పట్టేసింది. కొబ్బరినూనె కాచి రాసుకున్నాను. ఏమైందని శారద అడిగితే బీరువా జరిపానన్నాను.

ఏప్రిల్ 6, ఆదివారం

ఓంకార్ మా ఇంటికొచ్చాడు. మూడు మెట్ల దగ్గర ఆగిపోయాడు. గొప్పగా కట్టుకున్న మెట్లు, ఎర్ర గచ్చు. లోపలికి రాలేకపోయాడు. నాకు లోలోపల తృప్తిగా అనిపించింది, అబద్ధమెందుకు. శారద నన్ను పిలిచి బయటికి తీసుకెళ్ళమంది. ఎత్తుకుని మెట్లు దిగి అతని ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాను. అతను ఆసేపంతా గేటు పక్క మందారం చెట్టుకేసి చూస్తూ ఉన్నాడు. మేము దిగాక ఇటు తిరిగాడు.

జామచెట్టు నీడలో ఇద్దరూ మాట్లాడుకున్నారు. నేను టీ చేశాను. సొంత ఇంట్లో సర్వరునయ్యాను. వెళ్ళబోతూ అతను నన్ను పిలిచాడు.

“అంకుల్, మీరు గార్డు చేసిన్రు. కాయితం ఒక్కసారి చూసి చెప్పుర్రి. ఏమన్న తప్పుంటే ఇప్పుడే మంచిది.”

అడిగాడు. అడిగితే చెప్తానని మార్చి 25న రాసుకున్నాను. శారద నా ముఖంలోకే చూస్తోంది. టీ కప్పులు ట్రేలో సర్దుతూ, అచ్ఛాగానే ఉందయ్యా అన్నాను.

ఏప్రిల్ 7, సోమవారం

భుజం నొప్పి. మంచం నుంచి కుర్చీ, ఒక నిమిషం. కారణం రాయను.

ఏప్రిల్ 10, గురువారం

కాయితం చూసేరా అని అడిగింది. ఉందన్నాను. చూసేరా అంటే ఉంది అన్నాను. ఆవిడ గమనించిందో లేదో.

ఏప్రిల్ 13, ఆదివారం

ఇవాళ చెప్పేద్దామనుకుని హాలుకి వెళ్ళాను. నిజంగానే అనుకున్నాను. లోపలికి అడుగు పెట్టేసరికి ఓంకార్ ఏదో చూపిస్తున్నాడు, శారద వంగి చూస్తోంది. రెండు కుర్చీలూ పక్కపక్కన, ఇద్దరి తలలూ ఒకే ఎత్తులో. నేను పక్కన నిలబడితే శారద తల నా నడుం దగ్గరికి వస్తుంది. తొమ్మిదేళ్ళుగా ఆవిడ నాతో మాట్లాడాలంటే మెడ పైకెత్తాలి. ఈ సంగతి ఇవాళే చూశాను. చూశాక చెప్పబుద్ధి కాలేదు.

ఏప్రిల్ 15, మంగళవారం. రైల్లో

ఎక్కింది 5.20. ర్యాంపు మీంచి కుర్చీ నేరుగా లోపలికి వెళ్ళిపోయింది. నేను చేతులు రెండూ ఖాళీగా వెనకాల ఎక్కాను. బండి కదిలింది 5.41.

గోడకి అవతల గార్డు వాకీటాకీలో మాట్లాడటం వినబడుతోంది. ఎవరో కుర్రవాడి గొంతు. పదకొండేళ్ళు అటుపక్క ఉన్నాను, ఇటువైపు ఇంత పెద్ద బాత్రూం ఉందని నాకు తెలియదు. కుర్చీ లోపల గుండ్రంగా తిరుగుతుంది. శారద తనే వెళ్ళింది, తనే వచ్చింది. మొహం కడుక్కుని వచ్చింది. రెండు టీలు తాగింది. కిటికీలోంచి లైను పక్క ఇళ్ళూ, ఎండిన చేలూ చూస్తూ సింహాచలం చెప్పే షెడ్డు కబుర్లు విన్నది.

భుజానికి నూనె రాసుకున్నాను.

ఏప్రిల్ 16, బుధవారం. అనకాపల్లి, మాధవీలత ఇల్లు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

విశాఖ చేరింది 7.05, అరగంట ఆలస్యం, కారణం తెలియదు. సింహాచలం ర్యాంపు మీంచి కర్ర ఊపుకుంటూ దిగాడు. నేను ప్లాట్‌ఫారం మీదికి దిగాను. కొత్త ఇంజను వచ్చి తగులుకుంది, మా బోగీ ముందరే. బండి పొడుగునా అటు చివరికి నడిచి వెళ్ళాను. చివరి బోగీకి పెట్టే ఎల్‌వీ బోర్డు మా బోగీ నుంచి తీసి అక్కడ తగిలిస్తున్నారు. ఆ బోర్డు నేను వేలసార్లు చూసుకుని ఉంటాను. అది ఉంటేనే బండి పూర్తిగా వచ్చిందని లెక్క. నిలబడి చూశాను. ఇంకా పన్నెండు నిమిషాలుంది. మాధవీలతకి ఒక్క ఫోను చేస్తే చాలు. ఫోను జేబులోనే ఉంది.

తిరిగి వచ్చి కూర్చున్నాను. శారద జడ వేసుకుని, మల్లెపూలు పెట్టుకుని ఉంది. అడిగింది.

“కాయితం సరిగ్గానే ఉందాండీ?”

ఈసారి గొంతులో అడగడం కంటే ఇంకేదో ఎక్కువుంది. బతిమాలినట్టు. నేను కిటికీ వైపు తిరిగి ఉందన్నాను. ఓంకార్ తల దించుకున్నాడు. బండి కదిలింది.

అనకాపల్లి దగ్గరపడుతుంటే చొక్కా చేతులు పైకి మడిచాను. చెప్పులు తీసి సంచిలో పెట్టాను, జారకుండా. తలుపు దగ్గర నిలబడ్డాను. మొదటిసారి మెయిలు బండి డ్యూటీ ఎక్కిన రోజు కూడా ఇలాగే నిలబడ్డాను.

బండి ఆగింది. తలుపు తెరిచాను.

ఎదురుగా మాధవీలత. ఆవిడ చేతిలో ర్యాంపు. పక్కన ఇద్దరు పోర్టర్లు. తలుపుకి సరిగ్గా ఎదురుగా, అడుగు అటూ ఇటూ కాకుండా.

బాబాయ్, కొంచెం తప్పుకోండి అంది. తప్పుకున్నాను. ర్యాంపు వేశారు. శారద తన చక్రాలు తనే తిప్పుకుంటూ నా పక్కనుంచి దిగిపోయింది. నా వైపు చూడలేదు. వెనకాల ఓంకార్. నేను మడిచిన చేతులతో, వట్టి కాళ్ళతో అక్కడే నిలబడిపోయాను. బండి కదిలాక ఎవరో పోర్టరు కేకేస్తే, సంచీతో సహా దూకాను. ముప్పై ఏడేళ్ళ సర్వీసు చేసి, కదులుతున్న బండి దిగకూడదని లోకానికి చెప్పినవాణ్ణి. మోకాలు చెక్కుకుపోయింది.

ఇంట్లో అప్పయమ్మగారు మంచం మీద కూర్చుని ఉన్నారు. శారద కుర్చీ మంచానికి ఆనించుకుంది. అప్పయమ్మగారు ముందు జడ తడిమారు, తర్వాత చెవులు, తర్వాత ముఖమంతా. చిక్కిపోయేవే అన్నారు. శారద ఆవిడ ఒడిలో తల పెట్టుకుంది. ఒకే ఎత్తులో ఉన్నారు కాబట్టి పెట్టుకోగలిగింది.

నేను వరండాలో కూర్చుని మోకాలికి పసుపు రాసుకున్నాను.

ఏప్రిల్ 17, గురువారం

పొద్దున్న కాఫీ తాగాక శారద నన్ను జామచెట్టు దగ్గరికి రమ్మంది. వీళ్ళింట్లోనూ ఉంది జామచెట్టు. ఎదురుగా పీట వేసుకుని కూర్చోమంది. కూర్చుంటే ఆవిడ ముఖం నా ముఖానికి సరిగ్గా ఎదురుగా వచ్చింది.

కాయితం ఇచ్చిన రోజే తప్పు కనిపెట్టిందట. పెళ్ళయిన కొత్తలోనుంచీ పుట్టింటికి వచ్చేటప్పుడు విశాఖ దాటాక సీటు ఎదురు తిరిగేది, బండి వెనక్కి పోతున్నట్టుండేది, కడుపులో తిప్పేది, ప్రతిసారీ చీరకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది. అది ఎలా మర్చిపోతానంది. ఆ సాయంత్రమే ఓంకార్‌కి ఫోను చేసి చెప్పింది. అతను అప్పుడే మార్చేసి మాధవీలతకి పంపాడు. నాకు కొత్త కాయితం ఇవ్వొద్దని ఆవిడే చెప్పింది. పాతది గడియారం కింద పెట్టింది, నాకోసం.

“మీరు చెప్తారేమోనని చూసేను. ఇరవై మూడు రోజులు. విశాఖలో బండి దిగేరు, ఇప్పుడు చెప్తారనుకున్నాను.”

నేను నేల వైపు చూస్తూ ఉన్నాను. నీకు చెడు జరగాలనుకోలేదు, నేనున్నాను కదా, నేనే దింపేవాణ్ణి అన్నాను.

“మీ భుజం పట్టీసిందని నాకు తెలీదా. రెండు నిమిషాల్లో జారిపోతే ఏటయ్యేది? ఓంకార్ ఎలా దిగేవాడు? మీరు నన్ను ఎత్తడం గురించే చూసుకున్నారు. నేను దిగడం గురించి చూసుకోనేదు.”

ఆరోజు హాల్లో చెయ్యి అడ్డం పెట్టుకుని ఏం రాసిందో చెప్పింది. ఏది జరిగితే సిగ్గుగా ఉంటుంది అన్న దగ్గర. ‘నలుగురి ముందు మా ఆయన నన్ను ఎత్తడం’ అని రాసిందట. అలా ఎత్తిన ప్రతిసారీ ఎవరు చూస్తున్నారో తెలియకూడదని కళ్ళు మూసుకుంటుందట. తొమ్మిదేళ్ళుగా.

నాతో ఎందుకు చెప్పలేదన్నాను.

“మీరు అడగనేదు.”

ఏప్రిల్ 18, శుక్రవారం

అసూయ లేదని మార్చి 19న రాశాను. ఉంది. ఇప్పటికీ ఉంది. ఓంకార్ పక్క గదిలో అప్పయమ్మగారికి పేపరు చదివి వినిపిస్తున్నాడు, ఆవిడ నవ్వుతోంది, అది విన్నా ఉంది. అతను నాకంటే మంచివాడని కాదు. శారద మాట ముందు అతను విన్నాడు. ఆవిడ ఎదురుగా ఎప్పుడో ఒకప్పుడు నేను కూర్చుని వినాల్సింది.

సాయంత్రం బండి. అక్కాచెల్లెళ్ళ చేతులు విడదీయడానికి మాధవీలత రెండుసార్లు రావాల్సి వచ్చింది. ఇంటి దగ్గర బయలుదేరడం ఇరవై నిమిషాలు ఆలస్యం. కారణం అందరికీ తెలుసు.

ఏప్రిల్ 20, ఆదివారం

హాల్లో లేచి నిలబడి చెప్పాను. కాయితంలో తప్పు నాకు తెలుసని, తెలిసి చెప్పలేదని. ఎందుకో కూడా చెప్పాను, చుట్టూ తిప్పకుండా. పదకొండు మంది ఉన్నారు. సింహాచలం కర్రకేసి చూసుకున్నాడు. ఓంకార్ మాత్రం, అంకుల్, ఏ బండి ఎక్కడ మొహం తిప్పుతదో మాకు రాసియ్యుర్రి అన్నాడు. క్షమించాడో లేదో తెలియదు. పని మాత్రం ఇచ్చాడు.

జూన్‌లో శారద పూరీ వెళ్తుందట. సముద్రం ఒడ్డున ఇసకలో పోయే కుర్చీ దొరుకుతుందో లేదో ఓంకార్ కనుక్కుంటున్నాడు. ఆవిడ నింపిన కాయితం ఈసారి బల్ల మీద తెరిచే పెట్టింది. ‘తోడు ఎవరు’ అన్న గడి ఖాళీగా ఉంది. అందులో నా పేరు నేను రాయలేదు. పెన్ను తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

ఏప్రిల్ 21, సోమవారం

తెల్లవారగానే వంటింట్లో ఊరగాయ జాడీలు దింపాను. చెక్కకి నూనె మరకలు పడ్డాయి. శనగపిండితో తోమి, కడిగి, పొడిగుడ్డతో తుడిచి, మంచం దగ్గరికి తెచ్చాను. శారద లేచి చూస్తోంది.

ఎత్తమంటావా అని అడిగాను. అడగడం ఇదే మొదటిసారి. ఆవిడ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, అది నాకు కనబడింది.

“వద్దు. చెక్క కదలకుండా పట్టుకోండి.”

మోకాళ్ళ మీద కూర్చుని పట్టుకున్నాను. చెక్కుకుపోయిన మోకాలు మండింది. బెత్తెడు జరిగింది, ఆగింది. ఊపిరి తీసుకుంది. మళ్ళీ బెత్తెడు. మధ్యలో ఒకసారి పక్కకి ఒరిగింది. నా చేతులు వాటంతటవే లేచాయి. మళ్ళీ చెక్క మీద పెట్టుకున్నాను. ఆవిడ సర్దుకుంది. చివరి బెత్తెడు దగ్గర మెడ మీద నరాలు తేలాయి. కుర్చీలోకి జారి, వెనక్కి ఆనుకుని, నా వైపు చూసింది. మొదటి నుంచి చివరిదాకా కళ్ళు తెరిచే ఉంది.

మంచం దగ్గర బయలుదేరింది 6.12. కుర్చీ చేరింది 6.23. ఆలస్యం: లేదు.